ఇల్లు కూడా బడే!

హనుమకొండలో ఒకరోజు మూడో తరగతి పిల్లలకు అంకెలు చెప్పి పలకల మీద రాయిస్తున్నాను. 'ఇరవై తొమ్మిది' అన్నాను. ఒక బాబు 39 అని రాశాడు. మళ్లీ చెప్పాను, మళ్లీ 39 అనే రాశాడు. వాడు లెక్కల్లో మందమని అంతకు ముందే నేనొక నిర్ణయానికి వచ్చి ఉన్నాను. ఆ రోజు మాత్రం దగ్గరకు వెళ్లి చెవి ఒగ్గి విన్నాను. వాడు తనలో తాను 'ఉంతీస్, ఉంతీస్' అని గొణుక్కుంటున్నాడు.

అప్పుడు నా తప్పు నాకు తెలిసింది. ఉర్దూలో 29ని ఉంతీస్ అంటాం. అంటే తీస్‌కు, అనగా ముప్పైకి, ఒకటి తక్కువ. పిల్లవాడి చెవిన పడింది 'తీస్'. కాబట్టి ముందు 3 వేశాడు. 39కి ఉంతాలీస్, 49కి ఉంచాస్ అన్నప్పుడూ ఇదే చిక్కు. తెలుగులో ఇరవై దాటితే పదులు, ఒకట్లు విడివిడిగా వినిపిస్తాయి. బాబుకు తెలివి తక్కువ కాలేదు. రెండు భాషల మధ్య వంతెన వేసేవారే కరువయ్యారు.

వాడి తల్లిని పిలిపించాను. ఆమె తలవంచుకుని, "మేం చదువుకోలేదు సార్, ఇంట్లో ఎవరు చెప్తారు? వీడికి చదువు అబ్బదని, మామ దుకాణంలో పెడదామని వాళ్ల అబ్బా అంటున్నారు" అంది. ఎనిమిదేళ్ల పిల్లవాడి భవిష్యత్తు ఒక్క అంకె దగ్గర ఆగిపోబోతోంది! "అమ్మా, మీ ఇంట్లో తస్బీహ్ ఉందా?" అని అడిగాను. ఉందన్నది. "అయితే మీరే చెప్పగలరు" అన్నాను.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని, మామూలు లెక్కలు చేయాలని కేంద్ర ప్రభుత్వం 2021లో 'నిపుణ్ భారత్' ప్రారంభించింది. తెలంగాణలో 1 నుంచి 5 తరగతుల కోసం 2022 ఆగస్టులో 'తొలిమెట్టు' మొదలైంది. అయితే బడిలో నేర్చింది ఇంట్లో నాలుగుసార్లు నానితేనే నిలుస్తుంది. అందుకు పెద్ద చదువులు అక్కరలేదు. ఆ తల్లికి చెప్పినవే ఇక్కడ చెబుతున్నాను.

తస్బీహ్: 33 పూసలను పదేసి చొప్పున విడదీయించండి. మూడు పదులు, మూడు ఒకట్లు వస్తాయి. అలాంటివి మూడు భాగాలు కలిస్తే 99. నమాజు తర్వాత 33, 33, 34 చదువుతాం కదా, మొత్తం ఎంతని అడగండి. నూరు ఎలా అయిందో పిల్లలే చెబుతారు.

ఖాయిదా, గుణింతం: అరబీ ఖాయిదా చదివే పిల్లలకు జబర్, జేర్, పేష్ తెలుసు. క, కి, కు కూడా ఆ వరసే. జేర్ ఉన్నచోట గుడి, పేష్ ఉన్నచోట కొమ్ము అని చూపిస్తే సగం భయం పోతుంది.

గడియారం: జుహర్ అజాన్ ఒంటిగంటకు, జమాత్ ఒకటిన్నరకు అయితే మధ్యలో ఎన్ని నిమిషాలు? రోజూ ఒక ప్రశ్న చాలు.

బజారు: సామాన్ల చీటీ పిల్లలతోనే రాయించండి. చౌరస్తాలో దుకాణాల బోర్డులు, బస్సు మీద 'కాజీపేట' అన్న పేరు వాళ్లనే చదవనివ్వండి. చిల్లర లెక్క వాళ్లకే అప్పగించండి.

జంపఖానా: 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు మనకు కొత్త కావు. ఇంట్లో ఒకటుంటే దాని మీది త్రికోణాలు, చతురస్రాలు లెక్కపెట్టించండి. మధ్యకు మడిచి రెండు వైపులా బొమ్మలు కలుస్తున్నాయేమో చూడమనండి.

కథ: దాదీ, నానీ ఉర్దూలో చెప్పిన కథను పిల్లలు తెలుగులో తిరిగి చెప్పాలి. 2018 చట్టం ప్రకారం తెలంగాణ బడులన్నిటా తెలుగు నేర్వడం తప్పనిసరి అయింది. అలాగని ఇంట్లో ఉర్దూ మానిపించకండి. ఇంటి భాషలో గట్టిగా ఆలోచించే బిడ్డ రెండో భాషను తేలిగ్గా పట్టుకుంటాడు.

వీటిలో దేనికీ పదిహేను నిమిషాలకు మించి పట్టదు. తప్పు చెబితే కసరకండి. 'ఎలా వచ్చింది నాన్నా?' అని అడగండి. ఆ జవాబులోనే అసలు చిక్కు దొరుకుతుంది. నేను ఆ ప్రశ్న అడగడానికి ఆలస్యం చేశాను, మీరు చేయకండి.

ఆ బాబు ఇప్పటికీ కొన్ని లెక్కలు తప్పుతాడు. కానీ 29 మాత్రం తప్పడు. దుకాణం మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదట. మొన్న వాళ్లమ్మ బడికి వచ్చి, "వాడితో పాటు నాకూ నూరు దాకా రాయడం వచ్చింది సార్" అని నవ్వింది. ఈ సారి తల వంచుకోలేదు.