ప్రకటనాత్మక అమరికల నిర్వహణ

ప్రకటనాత్మక అమరికల నిర్వహణ అనగా ఒక కంప్యూటరు ఏ స్థితిలో ఉండవలెనో ముందుగా ఒక ఫైలులో వ్రాసి, ఆ స్థితిని సాధించి నిలుపు పనిని సాఫ్టువేరుకు అప్పగించు పద్ధతి. క్లౌడ్ సంస్థల నుండి అద్దెకు తీసుకొను వర్చువల్ మెషీన్లు పదుల, వందల సంఖ్యలో ఉన్నప్పుడు వాటినన్నిటిని ఒకే తీరుగా, సురక్షితముగా ఉంచుటకు ఈ పద్ధతిని విరివిగా వాడుచున్నారు. వర్చువల్ మెషీన్ అనగా ఒక పెద్ద సర్వరును సాఫ్టువేరు ద్వారా విభజింపగా ఏర్పడిన, స్వంత ఆపరేటింగు సిస్టము గల కంప్యూటరు.

మూల భావన

ఇంటిపై నీళ్ళ ట్యాంకును నింపుటకు రెండు మార్గములు కలవు. "ఉదయము ఆరు గంటలకు మోటారు వేసి అరగంట తరువాత ఆపుము" అని చెప్పుట మొదటిది. ట్యాంకులో ముందే నీరున్నచో అది పొర్లిపోవును. మధ్యలో కరెంటు పోయినచో నిండదు. "ట్యాంకు ఎల్లప్పుడు నిండుగా ఉండవలెను" అని నిర్ణయించి, నీటి మట్టమును చూచి మోటారును నడుపు ఆటోమేటిక్ స్విచ్చి అమర్చుట రెండవది. మొదటిది ఆదేశాత్మక పద్ధతి, రెండవది ప్రకటనాత్మక పద్ధతి.

రెండవ పద్ధతిలో పనిని ఎన్నిసార్లు అమలు చేసినను ఫలితము ఒక్కటే. కావలసిన స్థితి అప్పటికే ఉన్నచో సాఫ్టువేరు దేనిని మార్చదు.

చరిత్ర

ఈ భావనకు తొలి రూపమైన సీఎఫ్‌ఇంజన్‌ను 1993లో నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రజ్ఞుడు మార్క్ బర్జెస్ రూపొందించెను. తరువాత పప్పెట్ (2005), షెఫ్ (2009), యాన్సిబుల్ (2012) వచ్చినవి. ఇవి ముఖ్యముగా కంప్యూటరు లోపలి అమరికలను చూచును. మెషీన్లను, నెట్‌వర్కులను సృష్టించుటకు అమెజాన్ వారి క్లౌడ్‌ఫార్మేషన్ (2011), హాషికార్ప్ వారి టెర్రాఫామ్ (2014) ప్రసిద్ధమైనవి. 2023లో టెర్రాఫామ్ లైసెన్సు మారగా, దాని నుండి ఓపెన్‌టోఫు అను స్వేచ్ఛా సాఫ్టువేరు వేరుపడినది.

పనిచేయు విధానము

* ప్రకటన పత్రము: ఏ సాఫ్టువేరు ఉండవలెను, ఏ పోర్టులు తెరిచి ఉండవలెను, ఎవరికి ప్రవేశము కలదు మొదలగునవి ఇందులో వ్రాయుదురు. దీనిని గిట్ వంటి వ్యవస్థలో భద్రపరచుట వలన ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చినారో తెలియును.
* పోలిక: సాఫ్టువేరు ప్రస్తుత స్థితిని పత్రముతో పోల్చును. టెర్రాఫామ్‌లో చేయబోవు మార్పుల జాబితాను ముందుగా చూచి ఆమోదించవచ్చును.
* సవరణ: తేడా ఉన్న అంశములను మాత్రమే మార్చును.
* పునరావృతి: పప్పెట్ సాధారణముగా ప్రతి 30 నిమిషములకు ఈ పోలికను తిరిగి జరుపును. యాన్సిబుల్, టెర్రాఫామ్‌లు తమంతట తాము నడువవు. వాటిని నిర్ణీత వేళలకు నడుపు ఏర్పాటు చేయవలెను.

హైదరాబాదు క్లౌడ్ కేంద్రములు

అమెజాన్ సంస్థ 20,761 కోట్ల రూపాయలతో డేటా కేంద్రములు నెలకొల్పనున్నట్లు తెలంగాణ ప్రభుత్వము 2020 నవంబరులో ప్రకటించినది. రంగారెడ్డి జిల్లాలోని చందనవెల్లి, మీర్‌ఖాన్‌పేట ఇందుకు ఎంపికైన గ్రామములు. మూడు లభ్యతా మండలములు గల ఈ హైదరాబాదు ప్రాంతము 2022 నవంబరులో ప్రారంభమైనది. ప్రకటన పత్రములలో దీని పేరు "ఏపీ-సౌత్-2". ఇక్కడ ఏపీ అనగా ఆంధ్రప్రదేశ్ కాదు, ఆసియా పసిఫిక్. 2016లో ప్రారంభమైన ముంబాయి ప్రాంతము "ఏపీ-సౌత్-1". పత్రము చక్కగా వ్రాసి ఉన్నచో ముంబాయిలోని ఏర్పాటు వంటి దానినే హైదరాబాదులోను నిర్మించవచ్చును. అయితే మెషీన్ ఇమేజిల గుర్తింపు సంఖ్యలు ప్రాంతమును బట్టి మారును గనుక ప్రాంతము పేరు ఒక్కటే మార్చిన చాలదు.

భద్రతలో పాత్ర

భవనము, విద్యుత్తు, భౌతిక సర్వర్ల రక్షణ క్లౌడ్ సంస్థ బాధ్యత. వర్చువల్ మెషీన్ లోపలి ఆపరేటింగు సిస్టమును నవీకరించుట, ఫైర్‌వాల్ అమరికలు, ఖాతాలు అద్దెకు తీసుకొన్నవారి బాధ్యత.

ఉదాహరణకు, మన్నెగూడ పరిసరములలోని ఒక కళాశాల తన పరీక్షా ఫలితములను నాలుగు మెషీన్లపై ఉంచినదనుకొందము. ఫలితముల రాత్రి ఒక మెషీన్ మొరాయించగా, ఇంటి నుండి సరిచేయుటకు ఇంజనీరు 22వ పోర్టును లోకమంతటికి తెరచి, తరువాత మూయుట మరచినాడు. సైటు మామూలుగానే నడుచును గనుక ఈ లోపము ఎవరి కంట పడదు. కాని పాస్‌వర్డులను ఊహించు ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో అట్టి ద్వారములకై నిరంతరము వెదకుచుండును. ఇట్లు అమరికలు క్రమముగా పక్కదారి పట్టుటను కాన్ఫిగరేషన్ డ్రిఫ్ట్ అందురు. "22వ పోర్టు కళాశాల నెట్‌వర్కుకు మాత్రమే" అని పత్రములో ఉండి, పోలిక క్రమముగా జరుగుచున్నచో తరువాతి పోలికలోనే ఆ ద్వారము మూతపడును, తేడా నమోదగును. విద్యార్థుల వివరముల భద్రత ఒక మనిషి జ్ఞాపకశక్తిపై ఆధారపడదు.

అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకులో 2019లో బయటపడిన ఉదంతములో ఒక ఫైర్‌వాల్ అమరిక లోపము వలన అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరములు అన్యుల పాలైనవి.

భారతదేశములో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశముల ప్రకారము సంస్థలు లాగ్‌లను 180 దినములు భద్రపరచవలెను, సర్వర్ల గడియారములను నిర్దేశిత కాలప్రమాణముతో సరిపోల్చవలెను. ఇట్టి నిబంధనలను పత్రములో వ్రాసినచో అవి అన్ని మెషీన్లకు సమానముగా వర్తించును. తనిఖీ సమయమున పత్రము, పోలికల నమోదు సాక్ష్యములుగా ఉపకరించును.

పరిమితులు

* పత్రములోని తప్పు కూడా అన్ని మెషీన్లకు అంతే వేగముగా వ్యాపించును. అందుచేత మార్పులను రెండవ వ్యక్తి పరిశీలించుట, ముందుగా ఒక మెషీన్‌పై పరీక్షించుట అవసరము.
* పత్రములో లేని అంశమును సాఫ్టువేరు సాధారణముగా పట్టించుకొనదు. పప్పెట్, యాన్సిబుల్‌లలో ఒక ప్యాకేజీ పేరును కొట్టివేసినంత మాత్రమున అది మెషీన్ నుండి తొలగిపోదు. "ఉండరాదు" అని వ్రాయవలెను. టెర్రాఫామ్‌లో ఇందుకు భిన్నముగా, ఒక మెషీన్ వివరణను కొట్టివేసి అమలు చేసినచో ఆ మెషీనే తొలగింపబడును.
* టెర్రాఫామ్ స్థితి ఫైలులో పాస్‌వర్డులు బహిరంగముగా నిలిచియుండు అవకాశము కలదు. దానిని గిట్‌లో ఉంచరాదు.
* అత్యవసరములో చేతితో చేసిన సవరణను వెంటనే పత్రములో చేర్చనిచో తరువాతి పోలికలో అది చెరిగిపోవును.

ఇవి కూడా చూడండి

* క్లౌడ్ కంప్యూటింగ్
* లినక్స్
* ఫైర్‌వాల్