మన పేరు మీద ఇంకెవరో అప్పు తీసుకుంటే మనకెట్లా తెలుస్తుంది?

ఈసారి పురుగుల గురించి కాదు, ఆకు గురించీ కాదు. మొన్న మన గుంపులో ఒకరు అడిగారు, "సిబిల్ కాపలా కాస్తామని ఒక యాప్‌వాళ్ళు నెలనెలా డబ్బు కట్టమంటున్నారు, కట్టాలా వద్దా" అని. పదిమంది పది రకాలుగా చెప్పారు. నేను ఆ దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను.

నిరుడు పాత పురుగుల ఇంటి పక్కన ఇంకొకటి కట్టాలనుకున్నాను. పాతదాంట్లో నూట యాభై గుడ్లకంటే ఎక్కువ పట్టవు, ఎండాకాలం గాలి ఆడదు. సబ్సిడీ ఉంది కానీ అది కట్టినాక వచ్చేది, ముందు మన చేతి నుంచే పెట్టాలి. నాలుగు లక్షలకు బ్యాంకులో అడిగాను. పహణి, ఫ్రూట్స్ ఐడి, గూళ్ళ మార్కెట్ చీటీలు అన్నీ ఇచ్చాను. ఇరవై ఏళ్ళుగా అక్కడే పంట లోన్ తీసుకుని ఒక్క ఏడు కూడా తప్పకుండా కట్టినవాణ్ణి, ఇంకేం అడ్డం వస్తుందిలే అనుకున్నాను. మేనేజర్ కంప్యూటర్లో చూసి, "నీకు 38,000 బాకీ ఉంది కదయ్యా, ఏడు నెలలుగా ఒక్క కంతు కట్టలేదు. ఇట్లుంటే నేనెట్లా ఇచ్చేది?" అన్నాడు.

అది ఏదో యాప్‌లో తీసుకున్న అప్పంట. ఆ కంపెనీ పేరు కూడా నేను అంతకుముందు వినలేదు.

ఇంటికి వచ్చే దారిలో నాకు తోచిన మొదటి మనిషి మా అన్న కొడుకు. నా ఫోన్ పనులన్నీ వాడే చూసేవాడు, నా ఆధార్, ప్యాన్ ఫోటోలు వాడి ఫోన్‌లో ఉన్నాయి. వాకిట్లో నలుగురి ముందర అడిగేశాను. "చిన్నాయనా, నేను తీయలేదు" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాత మా ఇంటి గడప తొక్కలేదు. రెండు రోజులకు పురుగులు పండాయి, చంద్రికలకు ఎక్కించేదానికి మనిషి చాలక, కొన్ని ట్రేలలోనే గూడు అల్లేశాయి. ఆ పంటలో డబ్బు పోయింది కొంచెమే, మాట పోయింది ఎక్కువ.

తర్వాత అదే బ్యాంకులో ఒక చిన్న ఉద్యోగి చెప్పాడు, "ముందు మీ రిపోర్టు మీరు తీసి చూడండి, ఊరికే వస్తుంది" అని. ఈ సంగతి మనలో చాలామందికి తెలీదు. మన దేశంలో మన అప్పుల చిట్టా రాసిపెట్టే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. అన్నిటినీ కలిపి మనం సిబిల్ అనేస్తాం గానీ సిబిల్ అందులో ఒకటి మాత్రమే. 2017 నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది, ఈ నాలుగూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. మన రిపోర్టు మనమే తీసుకుంటే స్కోరు తగ్గదు. తగ్గుతుందని ఎవరైనా భయపెడితే నమ్మవద్దు.

రిపోర్టు వచ్చినాక అందరూ చూసేది స్కోరు. 300 నుంచి 900 దాకా ఉంటుంది, అది చూసి మూసేస్తారు. దొంగతనం కనబడేది అక్కడ కాదు. పేరు, అడ్రసు, ఫోన్ నంబర్లు రాసి ఉన్న పేజీ చూడాలి. తర్వాత చివర్లో ఎంక్వైరీలు అని ఉంటుంది, మన పేరు మీద అప్పు అడిగితే ఏ కంపెనీ ఏ తేదీన మన చిట్టా తెరిచి చూసిందో అందులో ఉంటుంది. నా రిపోర్టులో ప్యాన్ నాదే, పుట్టిన తేదీ నాదే. ఫోన్ నంబరు మాత్రం నాది కాదు, మా ఇంట్లో ఎవరిదీ కాదు. అడ్రసు నేను ఒక్కసారి కూడా అడుగు పెట్టని ఊరిది. ఆ ఒక్క అప్పుకు ముందు, ఒకే వారంలో ఐదు కంపెనీల ఎంక్వైరీలు ఉన్నాయి. నాలుగు చోట్ల ఇవ్వలేదు, ఐదో చోట ఇచ్చేశారు. అప్పుడే నేను రిపోర్టు చూసి ఉంటే ఏడు నెలల బాకీ పేరుకునేది కాదు.

ఆ సాయంకాలం ఆ కాగితాలు పట్టుకుని మా అన్న ఇంటికి పోయాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. ఫిర్యాదు పెట్టేదానికి మళ్ళీ వాడే కూర్చున్నాడు.

ఫిర్యాదు మూడు చోట్ల పెట్టాం. రిపోర్టు ఇచ్చిన కంపెనీ సైట్లో ఆ అప్పు నాది కాదని వివాదం నమోదు చేశాం. అప్పు ఇచ్చిన కంపెనీకి మెయిల్ పంపాం. సైబర్ క్రైమ్‌కు 1930 నంబరుకు ఫోన్ చేసి, వాళ్ళ పోర్టల్లో కూడా రాసి, ఆ రసీదు రెండు చోట్లా జతచేశాం. రసీదు లేకపోతే ఎవరూ తొందరగా కదలరు. 2024 ఏప్రిల్ నుంచి ఇంకొక నియమం వచ్చింది: ఫిర్యాదు పెట్టిన 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మనకు ఇవ్వాలి. నాది 41వ రోజున సరైంది. 1,100 ఖాతాలో పడింది, బెంగళూరుకు రెండుసార్లు తిరిగిన బస్సు ఖర్చుకు సరిపోయింది. 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, 14448కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇవి రిజర్వ్ బ్యాంకు నియమాలు కాబట్టి కోలారు, హోసూరు, ఒడిశా, యానాం ఎక్కడైనా ఒకటే.

ఇప్పుడు అసలు ప్రశ్న, డబ్బు కట్టి కాపలా పెట్టుకోవాలా?

ఊజీ ఈగ సంగతి మీకు చెప్పక్కర్లేదు. పురుగు మీద నల్ల మచ్చ కనబడిందంటే ఈగ వచ్చి పోయినట్టే. డబ్బు కట్టే కాపలా కూడా ఆ మచ్చను తొందరగా చూపించేదే, కిటికీకి వల కట్టేది కాదు. మీ పేరు మీద ఎంక్వైరీ వస్తే, కొత్త అప్పు పడితే మెసేజ్ వస్తుంది, రిపోర్టు ఎప్పుడంటే అప్పుడు చూడవచ్చు. అంతే. అప్పును ఆపలేదు. పైగా రిపోర్టు కంపెనీలు మన చిట్టా ఎవరైనా తెరిస్తే మనకు మెసేజో మెయిలో పంపాలని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. దానికి మన సరైన నంబరు వాళ్ళ దగ్గర ఉండాలి. నా విషయంలో దొంగ నంబరు ఎక్కి కూర్చుంది కదా! అందుకే రిపోర్టులో ఫోన్ నంబరు చూడమని అంతగా చెబుతున్నాను.

నా మట్టుకు నేను డబ్బు కట్టలేదు. నాలుగు కంపెనీల నాలుగు ఉచిత రిపోర్టులను ఏడాది పొడుగునా పంచుకున్నాను: సంక్రాంతికి ఒకటి, ఉగాదికి ఒకటి, వరమహాలక్ష్మికి ఒకటి, దీపావళికి ఒకటి. అప్పు ఇచ్చేవాళ్ళు నాలుగింటికీ వివరాలు పంపాలి, 2025 జనవరి నుంచి పదిహేను రోజులకొకసారైనా పంపాలి, కాబట్టి ఏ ఒక్కటి చూసినా చాలావరకు తెలిసిపోతుంది. ఒకసారి దెబ్బ తగిలి ఇంకా వివాదం నడుస్తున్నవాళ్ళు, ఆరు నెలల్లో పెద్ద లోన్‌కు పోయేవాళ్ళు కడితే తప్పులేదు. కడితే ఆ నాలుగు కంపెనీల్లో దేనికైనా నేరుగా కట్టండి. అది ఒక్కదాని రిపోర్టేనా, వేరేవాటివి కూడా చూపిస్తుందా, గడువు కాగానే తనంతట తానే డబ్బు లాగుతుందా అని ముందే చూసుకోండి.

ఊరికే స్కోరు చూపిస్తామనే యాప్‌లు ఉన్నాయి. వాటికి ఊరికే ఏముంది? మన వివరాలు చూసేదానికి ఒప్పుకున్నట్టు టిక్కు పెట్టించుకుంటాయి, మరుసటి రోజు నుంచి "లోన్ కావాలా సార్" అని ఫోన్లు. మా బావమరిదికి చంద్రిక ఎక్కించే రోజు కూడా వదల్లేదు. ఇంక "డబ్బివ్వు, సిబిల్ కడిగేస్తాం" అనేవాళ్ళు నేరుగా మోసగాళ్ళు. నిజంగా ఉన్న బాకీని ఎవరూ చెరపలేరు, తప్పుగా పడినదాన్ని మనమే ఊరికే చెరిపించుకోవచ్చు.

వల కట్టే పనులు వేరే ఉన్నాయి, అన్నీ ఉచితమే. ఎంఆధార్ యాప్‌లో వేలిముద్ర లాక్ చేయవచ్చు. కానీ యూరియా తెచ్చుకునే రోజు, రేషన్ రోజు ముందుగా లాక్ తీయడం మరవద్దు, నేను మరిచి అంగడి నుంచి వట్టి చేతులతో తిరిగి వచ్చాను. జెరాక్స్ ఇచ్చేచోట మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఒప్పుకుంటే అదే ఇవ్వండి. ప్యాన్ జెరాక్స్ మీద ఎందుకు ఇస్తున్నామో, తేదీతో సహా అడ్డంగా రాయండి. సంచార్ సాథీలో మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో తెలుస్తుంది, మనవి కానివి అక్కడే చెప్పవచ్చు. నా ప్యాన్ ఏ చోటి నుంచి పోయిందో ఇప్పటికీ తెలీదు. సబ్సిడీ ఫైళ్ళు, సిమ్ అంగళ్ళు, జెరాక్స్ అంగళ్ళు, ఎన్నిచోట్ల ఇచ్చామో లెక్క ఉందా మనకు?

ఇంకొక మాట, ఇంట్లో ఆడవాళ్ళ రిపోర్టు కూడా తీయండి. సంఘం అప్పులు, మైక్రోఫైనాన్స్ అప్పులు కూడా ఈ చిట్టాల్లోకి ఎక్కుతాయి, వాళ్ళ ఆధార్ జెరాక్సులు మనవాటికంటే ఎక్కువ చోట్ల తిరుగుతుంటాయి. మా ఆవిడది ఉగాదికి తీశాం, ఎప్పుడో కట్టేసిన సంఘం అప్పు ఇంకా బాకీ ఉన్నట్టే చూపించింది. అది దొంగతనం కాదు, వాళ్ళు రాయడం మరిచారు. చీటీ పెట్టి సరిచేయించాం.

లోన్ నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది. కొత్త ఇంటికి రేకులు పడ్డాయి, కిటికీలకు వలలు మా అన్న కొడుకే కొడుతున్నాడు. బుధవారం చాకీ పురుగులు వస్తాయి.