మూత్రపిండ మార్పిడి - మానసిక ఒత్తిడి

మూత్రపిండాలు విఫలమైన వ్యక్తికి మరొకరి మూత్రపిండాన్ని అమర్చే శస్త్రచికిత్సను మూత్రపిండ మార్పిడి అంటారు. మొదటి విజయవంతమైన మార్పిడి 1954లో అమెరికాలోని బోస్టన్ నగరంలో కవల సోదరుల మధ్య జరిగింది. ఈ చికిత్సలో రోగి, దాత, కుటుంబసభ్యులు తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనవుతారు. శస్త్రచికిత్సతో అది ముగుస్తుందని భావిస్తారు గానీ, పలువురిలో రూపు మార్చుకొని కొనసాగుతుంది.

నిరీక్షణ

డయాలిసిస్ సాధారణంగా వారానికి రెండు, మూడు పర్యాయాలు, ప్రతిసారీ సుమారు 4 గంటలు జరుగుతుంది. చాలామంది రోగులు మంచినీటిని సైతం కొలత ప్రకారమే త్రాగాలి. మరణించిన దాతల అవయవాల కోసం జీవన్‌దాన్ పథకంలో పేరు నమోదు చేసుకోవాలి. 2013లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో పని ప్రారంభించిన ఈ పథకాన్ని విభజన తరువాత రెండు రాష్ట్రాలూ వేరువేరుగా నిర్వహిస్తున్నాయి. పిలుపు ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు కనుక కుటుంబం దూరప్రయాణాలకు సైతం వెనుకాడుతుంది.

దాత

1994 నాటి చట్టం తల్లిదండ్రులు, సంతానం, తోబుట్టువులు, జీవిత భాగస్వామిని దగ్గరి బంధువులుగా పేర్కొన్నది. 2011 సవరణతో తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ, మనుమలు, మనుమరాండ్రు కూడా చేరారు. భారతదేశంలో సజీవ దాతలలో స్త్రీలే అధికం. భార్యో తల్లో ఇచ్చి తీరుతుందని ఇంటివారు ముందే నిశ్చయించుకోవడం కద్దు. అందుచేత దాతతో వైద్యులు ఏకాంతంగా మాట్లాడడం అవసరం. ఆపరేషన్ అయ్యాక అందరి దృష్టీ రోగి మీదనే ఉంటుంది; దాత నొప్పిని, నీరసాన్ని అడిగేవారు తక్కువ.

శస్త్రచికిత్స తరువాత

శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా టాక్రోలిమస్, ప్రెడ్నిసోలోన్ వంటి మందులను ఆ అవయవం పనిచేసినంతకాలం వాడాలి. క్రియాటినిన్ పరీక్షకు ముందురోజు రాత్రి నిద్రపట్టని రోగులు ఎందరో. ప్రెడ్నిసోలోన్ వల్లనే నిద్రలేమి, చిరాకు, ముఖం ఉబ్బడం కలుగవచ్చు. టాక్రోలిమస్ వల్ల చేతులు వణకవచ్చు. మనిషి స్వభావమే మారిందని ఇంటివారు నొచ్చుకొంటారు. ముఖం మారిందన్న సిగ్గుతో కౌమారదశలోని పిల్లలు రహస్యంగా మాత్రలు మానివేసే ప్రమాదమున్నది. దానివలన అమర్చిన మూత్రపిండమే పాడైపోవచ్చు. వైద్యునికి చెబితే మోతాదు సవరించే వీలుంటుంది.

ఎదుర్కొనే పద్ధతులు

మాత్రలను రోజూ ఒకే వేళకు వేసుకోవడం, పరీక్షల ఫలితాలను పుస్తకంలో వ్రాసుకోవడం, నడక, వైద్యుని అనుమతితో బడికో ఉద్యోగానికో తిరిగి వెళ్ళడం ఉపకరిస్తాయి. సేవ చేసేవారు వంతులు వేసుకోవాలి. మన ఇళ్ళలో పరామర్శకు వచ్చే బంధువులను వారించడం కష్టమే, కాని మొదటి నెలల్లో అంటువ్యాధుల భయం ఎక్కువ. వైద్యుడు వద్దన్నారని తలుపు మీద వ్రాసి పెడితే ఎవరికీ మొగమాటం ఉండదు. దిగులు పోవడానికి సొంతంగా మూలికలు వాడరాదు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక టాక్రోలిమస్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. దిగులు రెండు వారాలకు మించితే మానసిక వైద్యుని సంప్రదించి, వాడుతున్న మందులన్నీ చూపాలి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు.