చెర విడిన పిమ్మట

కుప్పము మూడు సీమల కూడలి. చిత్తూరు జిల్లా నైరుతి కొసనున్న ఈ యూరినుండి కొంత దూరము పోయినచో ఒకవంక కన్నడసీమ, ఒకవంక తమిళసీమ. చెన్నపట్టణమునుండి బెంగుళూరునకు పోవు రైలుమార్గము ఈ యూరిమీదుగనే సాగుచున్నది. వాననే నమ్మి వేరుసెనగ విత్తు మెట్టనేల యిది. వాన మొగము చాటుచేసిన యేడు ఇచటి కుటుంబములు కూలికై బెంగుళూరు దారి పట్టుట క్రొత్త కాదు. అట్లు రైలెక్కువారి నడుమ బెదరు కన్నుల బాలిక యొకతె, ఆమె ప్రక్క బంధువునని చెప్పుకొను స్త్రీ యొకతె కూర్చుండియున్నచో ఎవరు శంకింతురు?

ఆడపిల్లను పడుపువృత్తికి అమ్మువాడు అర్ధరాత్రి గోడ దూకి వచ్చు దొంగ కాడు. తరచుగా అతడు ఎరిగినవాడే. పట్నమున పని యిప్పింతుననును, కట్నము లేని పెండ్లి యనును, ప్రేమించితిననును. తల్లిదండ్రుల చేతిలో కొంత బయానా పెట్టును. రాయలసీమ కరువుపల్లెలనుండి ముంబయి, పుణె, ఢిల్లీ నగరములకు చేరి చెరబడిన స్త్రీలు పలువురు ఈ త్రోవను పోయినవారే. ఎల్ల దాటినంతనే భాష మారును, పోలీసు ఠాణా మారును. మొరపెట్టుకొన్నను ఆ మొర తెలియువారుండరు. సరిహద్దు ఊళ్ళకు పొంచియున్న ప్రమాదమిది.

చట్టములు లేకపోలేదు. రాజ్యాంగము 23వ అధికరణమున మనుష్యుల క్రయవిక్రయమును నిషేధించినది. 1956లో ప్రత్యేక చట్టము వచ్చినది. 2013లో శిక్షాస్మృతిని సవరించి ఈ నేరమును విపులముగా నిర్వచించిరి. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ విషయము 143వ విభాగమున నున్నది. అందొక మాట గమనింపదగినది: ఈ నేరమును నిర్ణయించునపుడు బాధితురాలి సమ్మతితో నిమిత్తము లేదు. “తానై పోయినది కదా” యని నిందించు నోళ్ళకు చట్టమిచ్చిన సమాధానమిది. లోకము మాత్రము ఆ సమాధానమును ఇంకను చెవిని పెట్టలేదు.

కావుననే చెర విడిపించుట సగము పని. విడివచ్చినదానికి చోటిచ్చుట మిగిలిన సగము. కుప్పము చెన్నరాష్ట్రమున నున్న దినములలోనే డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు ఈ సత్యమును గ్రహించిరి. బాలికలను దేవదాసీలుగా అర్పించు ఆచారమును మాన్పుటకై వారు శాసనమండలిలో పోరాడిరి. ఆ నిషేధము 1947లో చట్టమైనది. కాని అంతకు పూర్వమే, 1930 ప్రాంతమున, ఆ కుటుంబముల బాలికలు కొందరు ఆశ్రయము కోరి వచ్చినపుడు వసతిగృహములు వారిని చేర్చుకొనలేదు. ముత్తులక్ష్మిగారు తమ యింటి తలుపే తెరచిరి. మదరాసులోని అవ్వై ఇల్లమునకు మూలమదియే. చట్టము వచ్చుటకు పదునేడేండ్లు పట్టినది. తలుపు తెరచుటకు ఒక్క మనసు చాలినది.

మన పాఠశాలలలో ‘కన్యాశుల్కము’ చెప్పునపుడు మధురవాణి చమత్కారమునకు నవ్వుదుము. లుబ్ధావధానులను హత్యానేరమునుండి తప్పించిన ఆమె బుద్ధిని మెచ్చుదుము. ఆ మధురవాణియే నేడు మన వీధిలో అద్దెకు గది యడిగినచో ఇత్తుమా? ఆమె బిడ్డను మన బిడ్డ ప్రక్కన కూర్చుండబెట్టుదుమా? సాహిత్యము వేయు పరీక్ష యిది.

హైదరాబాదున ఈ పరీక్షకు నిలిచినవారున్నారు. 1996లో మెహబూబ్ కీ మెహందీ వాడను ఖాళీ చేయించినపుడు దిక్కు తోచని స్త్రీల బిడ్డలకై సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ అను ఇరువురు ఒక బడిని తెరచిరి. ‘ప్రజ్వల’ సంస్థ ఆ బడినుండి పెరిగినది. విడివచ్చిన స్త్రీలకు అచట కుట్టుపనితో సరిపెట్టలేదు. వడ్రంగము, వెల్డింగు నేర్పిరి. ఇనుమును అతుకగల చేతికి కూలి దొరకును; కూలి దొరికిన చేయి మరల దళారి చేతికి చిక్కదు. సునీతా కృష్ణన్‌గారికి 2016లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

నిలదొక్కుకొనుట ఒకనాటి పని కాదు. శరీరమునకు వైద్యము, మనసునకు ఊరట కావలెను. రేషను కార్డు, బ్యాంకు ఖాతా కావలెను. న్యాయస్థానమున సాక్ష్యము చెప్పుటకు తోడు కావలెను. నష్టపరిహారమునకై జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. బాలికయైనచో ఆమె పేరును, గుర్తును పత్రికలలో ప్రకటించుట నేరము. వీనిలో పెక్కింటిని ప్రభుత్వము చేయగలదు. ఇరుగుపొరుగు నోటిని కట్టుట మాత్రము ప్రభుత్వమునకు సాధ్యము కాదు.

ఇచట ఉపాధ్యాయుని పని ఆరంభమగును. అతని చేతిలోని హాజరుపట్టీ సామాన్యమైన కాగితము కాదు. వరుసగా నాలుగు దినములు ఒక బాలిక పేరెదుట సున్న పడినచో, ఆ యింటికి పోయి యడుగుట ధర్మము. సందేహము కలిగినచో బాలల సహాయమునకు 1098, స్త్రీల సహాయమునకు 181 సంఖ్యలున్నవి. రైలు ఎల్ల దాటకముందే ఆ ప్రశ్న పుట్టవలెను.

పోయిన పిల్ల తిరిగివచ్చిన నాడు అంతకన్న పెద్ద పని యున్నది. ఏమి జరిగినదని ఎవరును అడుగరాదు. ఆమె బల్లపై ఆమె చోటు ఆమెకుండవలెను. ఉపాధ్యాయుడు పట్టీ విప్పి తక్కిన పేర్లతోపాటు ఆమె పేరును పిలువవలెను. ఆమె “ఉన్నానండీ” యని పలికిన నాడు చెర నిజముగా విడినట్లు.