మీకు తెలుసా? కారు అడుగున ఉప్పు చేసే వింతలు!

డెట్రాయిట్, షికాగో, టొరంటో... ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు బోలెడంతమంది! అక్కడ మంచు కురవక ముందే కారు కింద తుప్పు పట్టనివ్వని పూత వేయించుకుంటారు. ఎందుకో తెలుసా? మంచు కరగడానికి అక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగున తుప్పు పట్టిస్తుంది! చదవండి, ఆశ్చర్యపోతారు!

● కార్ల రాజధాని డెట్రాయిట్ నగరం అడుగున, దాదాపు 350 మీటర్ల లోతులో, పెద్ద ఉప్పు గని ఉంది! సుమారు 40 కోట్ల ఏళ్ళ కిందట ఎండిపోయిన సముద్రం మిగిల్చిన ఉప్పు అది. గని లోపలి దారులన్నీ కలిపితే 160 కిలోమీటర్లు! పెద్ద యంత్రాలను ముక్కలుగా విడదీసి కిందికి దించి, అక్కడే మళ్ళీ బిగిస్తారు. కార్లను పుట్టించిన ఊరి కిందే వాటికి తుప్పు పట్టించే ఉప్పు!

● కెనడాలో హ్యూరన్ సరస్సు కింద ఉన్న గోడరిచ్ ఉప్పు గని ఇంకా లోతు: దాదాపు 550 మీటర్లు! టొరంటోలోని సీఎన్ టవర్ ఎత్తు 553 మీటర్లు. అంటే ఆ టవర్‌ను తలకిందులుగా భూమిలోకి దించితే కొన దాదాపు గనికి తగులుతుంది.

● 1941-42 చలికాలంలో అమెరికా రహదారుల మీద చల్లిన ఉప్పు 5,000 టన్నులు. ఇప్పుడు ఏడాదికి ఎంతో ఊహించగలరా? సుమారు 2 కోట్ల టన్నులు! నాలుగు వేల రెట్లు! మనిషికి ఇంత అని పంచితే ఒక్కొక్కరికి దాదాపు 60 కిలోలు వస్తుంది. మరి ఆ ఉప్పునీరంతా చక్రాల మీద నుంచి ఎగిరి ఎక్కడ పడుతుంది? కారు అడుగునే కదా!

● ఉప్పు మంచును వేడిచేసి కరిగిస్తుందా? కానే కాదు! నీరు గడ్డకట్టే చలి హద్దును కిందికి నెడుతుంది, అంతే. నీళ్ళలో 10 శాతం ఉప్పుంటే మైనస్ 6 డిగ్రీల దాకా గడ్డకట్టదు, 20 శాతముంటే మైనస్ 16 దాకా. దాదాపు 23 శాతం దగ్గర మైనస్ 21. ఆ పైన ఇంకా ఉప్పు వేస్తే ఏమవుతుంది? లాభం తగ్గడం మొదలవుతుంది!

● ఒక చిక్కు ప్రశ్న! బయట గడ్డకట్టే చలిలో నిలిపిన కారుకు తుప్పు త్వరగా పడుతుందా, వెచ్చని గ్యారేజీలో పెట్టిన కారుకా? ఉప్పునీళ్ళతో తడిసి వచ్చి ఉంటే గ్యారేజీలోని కారుకే! వెచ్చదనంలో తుప్పు వేగం పెరుగుతుంది. చలిలో అదీ నెమ్మదిస్తుంది. కారును ప్రేమగా లోపల పెట్టుకునేవాళ్ళు ముందు దాని అడుగు కడిగించాలి!

● మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, తనంతట తానే తడిసి నీరవుతుంది. రోడ్లకు వాడే కాల్షియం క్లోరైడ్ ఇంకా ఆత్రం కలది: తేమ మూడోవంతు ఉన్నా చాలు! అందుకే వాన లేకున్నా, మంచు లేకున్నా రేకు మీద ఉప్పు అంటుకుంటే తడి ఆరదు. విశాఖ సముద్రతీరంలో ఇనుప వస్తువులు తొందరగా తుప్పుపట్టేది ఇందుకే. అక్కడ మంచు అక్కర్లేదు, సముద్రపు గాలి చాలు!

● ఇనుము తుప్పుగా మారితే చిక్కిపోతుందని అనుకుంటాం. నిజానికి ఉబ్బుతుంది! తుప్పు రకాన్ని బట్టి అసలు ఇనుముకు రెండు నుంచి ఆరు రెట్ల దాకా చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు అతికినచోట దూరిందా, వాటిని విడగొట్టేస్తుంది!

● కెనడాలోని జాస్పర్ జాతీయ ఉద్యానవనంలో 2020లో ఒక హెచ్చరిక పలక కనిపించింది: మూస్ జింకలను మీ కారు నాకనివ్వకండి! ఉప్పంటే వాటికి ప్రాణం మరి. రోడ్డు ఉప్పు అంటిన కారు వాటికి విందు భోజనం!

● డెలోరియన్ అనే కారు పైభాగమంతా స్టెయిన్‌లెస్ స్టీలు, రంగే వేయలేదు! కానీ అడుగున ఉన్న ఛాసిస్ మామూలు ఉక్కు, దాని మీద ఎపాక్సీ పూత. పూత ఎక్కడ చీలితే అక్కడ తుప్పు. పైన మాత్రం మెరుపు చెక్కుచెదరదు!

● తూర్పు జర్మనీ ట్రబాంట్‌ది ఇంకో వింత. దాని పై పలకలు పత్తి వ్యర్థాలను జిగురుతో అదిమి చేసినవి! 30 లక్షలకు పైగా తయారైన ఆ కారు పలకలకు తుప్పు ప్రసక్తే లేదు. లోపలి చట్రం ఉక్కుదే కాబట్టి తుప్పు దారి అక్కడ వెతుక్కుంది.

● 1824లో సర్ హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉన్న రాగి రేకులను కాపాడటానికి ఇనుము, జింకు ముక్కలు బిగించాడు. రాగి భద్రం, ఆ ముక్కలే కరిగిపోయాయి! కానీ రాగి నీటిలో కరగకపోయేసరికి, ఆ విషానికి భయపడే సముద్రపు నత్తలూ నాచూ హాయిగా ఓడకు అంటుకుపోయాయి! నేటి కార్ల ఉక్కు రేకులకు జింకు పూత వేసేదీ ఆ సూత్రంతోనే: ముందు జింకు కరుగుతుంది, ఉక్కు నిలుస్తుంది.

● డబ్ల్యూడీ-40 అనే స్ప్రే పేరులోని 40 ఏమిటో తెలుసా? నీటిని తరిమే మందు కోసం 1953లో చేసిన ప్రయత్నాల్లో నలభయ్యోది ఫలించింది! మొదట కాపాడింది కార్లను కాదు, అట్లాస్ క్షిపణుల పైపొరను.

● కారు అడుగున కొట్టే కొన్ని పూతల్లో ప్రధాన సరుకు గొర్రె ఉన్ని నుంచి తీసిన జిడ్డు! లానోలిన్ అంటారు. గొర్రెను వానలో తడవనివ్వని ఆ జిడ్డే ఉక్కును ఉప్పునీటి నుంచి కాపాడుతుంది. చిత్రంగా లేదూ?

● మందంగా తారు పూస్తే మరీ మంచిదనుకుంటున్నారా? ఆ పూత ఎండి బీటలు వారితే ఉప్పునీరు లోపలికి దూరి బయటికి రాదు. పైకి నల్లగా నున్నగా కనిపిస్తుంటుంది, కింద రేకు చిల్లులు పడుతుంటుంది! అందుకే కెనడాలో చాలామంది ఏటేటా పలుచని నూనె పూతే కొట్టిస్తారు. అది అతుకుల్లోకి పాకుతుంది, ఒకటి రెండు రోజులు కిందికి కారుతూనే ఉంటుంది కూడా!

● కారు తలుపుల అడుగున చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, చూశారా? లోపలికి చేరిన నీరు బయటికి పోవడానికి పెట్టినవి. పూత కొట్టేటప్పుడు వాటిని మూసేస్తే కొత్త తుప్పుకు మనమే ఇల్లు కట్టించినట్టు!

● అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో చీజ్ తయారీలో మిగిలిన ఉప్పునీటిని కూడా రోడ్ల మీద చల్లుతారు! కొన్నిచోట్ల బీట్ గడ్డల రసం కలుపుతారు, ఉప్పు ఎగిరిపోకుండా రోడ్డును పట్టుకుని ఉండటానికి.

● అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2017లో వేసిన లెక్క చూడండి: రోడ్డు ఉప్పు వల్ల పట్టిన తుప్పును బాగుచేయించడానికి అక్కడి డ్రైవర్లు ఐదేళ్ళలో పెట్టిన ఖర్చు సుమారు 1,540 కోట్ల డాలర్లు! ఒక్కో మరమ్మతుకు సగటున 500 డాలర్లకు దగ్గర!

● అన్నిటికన్నా భయపెట్టే వింత ఇది. అడుగున పోయే సన్నని బ్రేకు పైపులు రోడ్లకు ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఏడెనిమిదేళ్ళకే తుప్పు తిని పగలొచ్చని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2015లో హెచ్చరించింది. చలికాలమంతా అడుగు కడిగిస్తూ ఉండమనీ, వసంతం రాగానే మరోసారి బాగా కడిగించమనీ చెప్పింది.

పూత వేయించడానికి మంచి సమయం మంచుకు ముందు, వాతావరణం పొడిగా ఉండే సెప్టెంబరు, అక్టోబరు నెలలు. ముందు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే పూత! మీ అబ్బాయో, అమ్మాయో ఆ చలిదేశాల్లో ఉంటే, ఈసారి ఫోనులో భోజనం సంగతి అడిగాక, కారు అడుగు చూపించారా అని కూడా తప్పకుండా అడగండి!