గుంయ్‌మనే మోత ఎక్కడిది?

బదిలీ మీద కొత్త ఊరికి వచ్చి సామాను సర్దుకున్నాక, మొదటి ఆదివారం మా నాన్నగారి గొంతు ఉన్న పాత క్యాసెట్లను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాలని కూర్చున్నాను. ఆయన పోయి ఆరేళ్లయింది. టేపు తిరగడం మొదలైంది. నాన్నగారి మాటల వెనకాల తేనెటీగల తుట్టె కదిలినట్టు గుంయ్‌మని ఒకటే మోత. పాత ఊళ్లోనూ ఇదే ఆంప్లిఫయర్, ఇదే డెక్కు. అప్పుడు ఏ గొడవా లేదు.

సామాను అమ్మే దుకాణంలో అడిగితే, "ప్లగ్గు విప్పి లావు పిన్ను వైరు తీసేయండి సార్, ఆగిపోతుంది" అన్నారు. తీసేశాను. నిజంగానే ఆగింది. నా సంబరం చూసి మా ఆవిడ ఒకే ప్రశ్న వేసింది: "అక్కర్లేనిదైతే ఆ పిన్ను ఎందుకు పెట్టారండీ?"

ఆ లావు పిన్ను ఎర్తు. ఆంప్లిఫయర్ ఇనుప పెట్టెను అది భూమికి కలుపుతుంది. లోపల కరెంటు వైరు పెట్టెకు తగిలితే, కరెంటు ఎర్తు దారిన ఒక్కసారిగా పారి ఫ్యూజు పోతుంది, లేదా ఎంసీబీ పడిపోతుంది. ఎర్తు లేకపోతే ఆ పెట్టె 230 వోల్టులతో అలాగే కూర్చుంటుంది, ఎవరి చెయ్యి పడుతుందా అని. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. వాల్యూమ్ తిప్పడం వాడికి సరదా. ఆ రాత్రే వైరు మళ్లీ బిగించాను. మోతా మళ్లీ వచ్చింది. ఇక దాని మూలమే వెతకాలి.

క్యాష్ టాలీ కానప్పుడు మనమేం చేస్తాం? తేడా ఏ కౌంటర్లో ఉందో ముందు తేల్చుకుని అక్కడే వెతుకుతాం. ఇక్కడా అదే పద్ధతి.

మొదట చెవి పెట్టి వినండి. మోత స్పీకర్లోంచి కాక పెట్టెలోంచే వస్తుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ అదురు. కేబుళ్లు మార్చి లాభం లేదు. స్పీకర్లోంచి అయితే వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. అప్పుడూ మోత తగ్గకపోతే లోపం చాలావరకు ఆంప్లిఫయర్‌లోనే. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దాన్ని డీసీగా మార్చాక మిగిలే అలలు సెకనుకు 100. వాటిని నునుపు చేసే కెపాసిటర్లు పాతబడితే ఆ అలలే మోతగా వినిపిస్తాయి. ఇది మెకానిక్ పని. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉండవచ్చు కాబట్టి మూత మనం విప్పకూడదు.

వాల్యూమ్‌తో పాటు మోత కూడా పెరుగుతుంటే తప్పు బయటినుంచి వచ్చే దారిలో ఉన్నట్టు. మా ఇంట్లో అదే. అన్నీ ఆఫ్ చేసి, ఆంప్లిఫయర్ వెనక ఇన్‌పుట్ కేబుళ్లన్నీ తీసేశాను. ఆన్ చేస్తే నిశ్శబ్దం. డెక్కు కలిపాను, నిశ్శబ్దమే. టీవీ సెట్‌టాప్ బాక్సు కలిపాను, గుంయ్! బాక్సుకు వచ్చే కేబుల్ టీవీ వైరు విప్పాను. మోత టక్కున ఆగింది.

కారణం ఇది. ఆంప్లిఫయర్ ఇంటి ఎర్తుకు కలిసి ఉంది. కేబుల్ టీవీ వైరు పైతొడుగు బయట మరెక్కడో ఎర్తుకు కలుస్తోంది. ఆ రెండు చోట్లా వోల్టేజీ అచ్చంగా ఒకటి కాదు. ఆడియో కేబుల్ వాటి మధ్య వంతెన వేసేసరికి చిన్న కరెంటు చుట్టూ తిరుగుతూ, పాటతో పాటు తన ఊగులాటనూ ఆంప్లిఫయర్‌లోకి మోసుకొస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. లోపల గ్రౌండ్లన్నీ ఒకటే కనుక, క్యాసెట్ వింటున్నా ఆ మోత తప్పలేదు. పాత ఊళ్లో టీవీని ఆంప్లిఫయర్‌కు కలపనే లేదు. పిన్ను వైరు తీస్తే ఆగిందీ అందుకే: ఆ చుట్టు తెగింది, దాంతో పాటు రక్షణా తెగింది.

ఎర్తు జోలికి పోకుండానే దీనికి మందుంది. ఆడియో ఐసోలేటర్ అనే చిన్న డబ్బీ దొరుకుతుంది. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ల వల్ల రెండు వైపుల వైర్లు తగలకుండానే పాట దాటుతుంది. దాన్ని బాక్సుకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య పెట్టాను. ఇంకొన్ని జాగ్రత్తలు: పరికరాలన్నీ ఒకే బోర్డుకు పెట్టండి. ఆడియో వైర్లను కరెంటు వైర్లతో కలిపి కట్టకండి. ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసేటప్పుడు చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. పెట్టెను తాకినప్పుడు జివ్వుమంటే వెంటనే వాడకం ఆపి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు పరీక్ష చేయించండి. బదిలీల మీద ఇళ్లు మారే మనం ఒకటి గుర్తుంచుకోవాలి: గోడకు మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్తు ఉన్నట్టు కాదు.

తర్వాతి ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని క్యాసెట్ విన్నాం. నాన్నగారి మాటలే కాదు, మధ్యలో ఆయన మంచినీళ్లు అడగడం, అమ్మ గాజుల చప్పుడు కూడా వినిపించాయి. మా అబ్బాయి వెళ్లి వాల్యూమ్ పెంచాడు. నేను వద్దనలేదు.