సరుకు చేతులు మారే చోటే అసలు ఆడిట్

2023 ఏప్రిల్ 17న జ్యూరిక్ నుంచి టొరంటో పియర్సన్ విమానాశ్రయానికి 6,600 బంగారు కడ్డీలు వచ్చాయి. బరువు 400 కిలోలు, విలువ 2 కోట్ల కెనడా డాలర్లకు పైనే. ఆ సాయంత్రం ఒక లారీ డ్రైవరు కార్గో గోదాముకు వచ్చి, వేబిల్ చూపించి, బంగారాన్ని ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఆ వేబిల్ అంతకు ముందురోజే వేరెవరో తీసుకెళ్లిన సముద్రపు చేపల సరుకుదని పోలీసులు తర్వాత చెప్పారు. తలుపులేమీ పగలలేదు. కాగితం మీద ఉన్నది చేపలు, బండి ఎక్కింది బంగారం. రాత్రి అసలు బండి వచ్చాకగానీ సరుకు పోయిందన్న సంగతి బయటపడలేదు.

సరఫరా గొలుసు ఆడిట్ అంటే ఏమిటని అడిగేవారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. సరుకు గోదాములో కదలకుండా ఉన్నంతసేపూ లెక్క సాధారణంగా క్షేమంగానే ఉంటుంది. ఒక చేతినుంచి ఇంకో చేతికి మారేటప్పుడే తప్పుతుంది. ఆడిటర్ నిలబడాల్సిన చోటు కూడా అదే.

పియర్సన్ పక్కనుంచి వెళ్లే 401 హైవే మీదే టొరంటో దాటి తూర్పుకు వెళితే ఏజాక్స్ వస్తుంది. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 1,26,666 మంది ఉంటున్నారు. ఈ ఊరు పుట్టిందే సరఫరా అవసరం కోసం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 1941లో ఇక్కడ ఫిరంగి గుండ్లు నింపే కర్మాగారం వెలిసింది. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో 9,000 మందికి పైగా పనిచేశారు. యుద్ధం ముగిసేలోగా సుమారు 4 కోట్ల గుండ్లు నింపారు. దానికోసం 30 మైళ్ల రైలు పట్టాలు, 30 మైళ్ల రోడ్లు వేశారు. ఊరి పేరు కూడా 1939లో రివర్ ప్లేట్ యుద్ధంలో పోరాడిన బ్రిటిష్ నౌకదే.

ఇలాంటి ఊళ్లో బియ్యం, పప్పులు తెప్పించి దుకాణాలకు సరఫరా చేసే ఒక దిగుమతిదారు ఉన్నారనుకుందాం. ఆ కంపెనీని ఆడిట్ చేస్తే ఏమేం చూడాలో, ఏ అంకెను ఎలా చదవాలో వరసగా చెప్పుకుందాం.

బస్తా ఎన్ని చేతులు మారుతుంది?

మిర్యాలగూడ మిల్లులో నింపిన సోనా మసూరి ఏజాక్స్ గోదాముకు చేరేలోగా కనీసం ఆరుసార్లు చేతులు మారుతుంది: మిల్లు నుంచి లారీకి, లారీ నుంచి రేవుకు, రేవు నుంచి ఓడకు, ఓడ నుంచి కెనడా రేవుకు, అక్కడి నుంచి రైలుకు, రైలు యార్డు నుంచి మళ్లీ లారీకి. ఆ లారీ గోదాము డాక్‌కు ఆనుకున్నప్పుడు ఏడోసారి.

20 అడుగుల కంటైనర్‌లో 20 టన్నుల బియ్యం వచ్చిందనుకోండి. 20 పౌండ్ల బస్తా అంటే 9.07 కిలోలు కాబట్టి దాదాపు 2,200 బస్తాలు. ఒక్క శాతం తరుగు వచ్చినా 22 బస్తాలు పోయినట్టే. అవి ఎక్కడ పోయాయో తెలియాలంటే ప్రతి మార్పు దగ్గరా ఎన్ని ఇచ్చారో, ఎన్ని తీసుకున్నారో, ఎవరు సంతకం చేశారో ఉండాలి. కంటైనర్ సీలు నంబరు కాగితంలోనూ తలుపు మీదా ఒకటే అయి ఉండాలి.

డాక్ దగ్గర ఆడిటర్ ముందుగా చూడాల్సింది బిల్ ఆఫ్ లేడింగ్. దానిమీద "షిప్పర్ లోడ్ అండ్ కౌంట్" అని రాసి ఉంటే, ఎక్కించిందీ లెక్కపెట్టిందీ పంపినవారే, రవాణా సంస్థ లెక్కచూడలేదని అర్థం. అలాంటి బండి వచ్చినప్పుడు డ్రైవరు ఎదుటే పాలెట్లు లెక్కపెట్టి, తేడా ఉంటే ఆ కాగితం మీదే రాయించాలి. 53 అడుగుల ట్రైలర్‌లో మామూలుగా ఒక వరస ఎత్తున 26 పాలెట్లు పడతాయి. కాగితం 26 అంటుంది, కిందికి దిగినవి 25. డ్రైవరు వెళ్లిపోయిన మర్నాడు ఈ సంగతి గమనిస్తే ఆ పాలెట్ ఖర్చు ఎవరిమీద పడుతుందో చెప్పనక్కర్లేదు.

విడివిడిగా బాగుంటాయి, కలిపితే తగ్గుతాయి

కంపెనీ నెలవారీ నివేదికలో నాలుగు అంకెలు ఉంటాయి. చెప్పిన సమయానికి చేరినవి 95 శాతం. అడిగినంత పూర్తిగా చేరినవి 96. దెబ్బతినకుండా చేరినవి 98. బిల్లు సరిగ్గా ఉన్నవి 97. ఏ ఒక్కటి చూసినా మెచ్చుకోవాలనిపిస్తుంది. కానీ కొనేవారికి ఈ నాలుగూ ఒకే ఆర్డర్‌లో కావాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుని వాటిని గుణిస్తే 86.7 శాతం వస్తుంది. అంటే నూటికి 13 ఆర్డర్లలో ఏదో ఒక లోపం ఉంది. అందుకే ఆడిటర్ శాఖలవారీ అంకెలతో సరిపెట్టుకోకూడదు. అవే ఆర్డర్లను మొదటినుంచి చివరిదాకా పట్టుకుని, నాలుగు పరీక్షల్లోనూ నెగ్గినవి ఎన్నో తేల్చాలి.

నిల్వ లెక్కలోనూ ఇలాంటి మాయ ఉంది. పుస్తకాల ప్రకారం గోదాములో 10 లక్షల డాలర్ల సరుకు ఉంది. లెక్కపెడితే కొన్ని రకాల్లో 24,000 డాలర్ల తరుగు, మరికొన్నింటిలో 22,000 డాలర్ల మిగులు తేలింది. ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే తేడా 2,000, అంటే 0.2 శాతమే. రెండూ కలిపితే 46,000, అంటే 4.6 శాతం. మొదటి అంకె బ్యాంకుకు ఊరటనిస్తుంది. గోదాములో పనెలా జరుగుతోందో చెప్పేది రెండోది. కందిపప్పు తగ్గి పెసరపప్పు మిగిలిందంటే ఎక్కడో ఒకటికి బదులు ఇంకొకటి స్కాన్ అయింది, లేదా ఒక దుకాణానికి అడగని సరుకు వెళ్లింది.

లెక్కపెట్టడం కూడా రెండు వైపులనుంచీ జరగాలి. పుస్తకంలోంచి 30 పద్దులు ఎంచుకుని అరల్లో వెతికితే, పుస్తకంలో ఉండి అరలో లేనివి బయటపడతాయి. అరల్లోంచి 30 రకాలు తీసుకుని పుస్తకంలో వెతికితే, అరలో ఉండి పుస్తకంలోకి ఎక్కనివి దొరుకుతాయి. చాలాచోట్ల మొదటి పని చేసి రెండోది వదిలేస్తారు. నెలాఖరు రోజున డాక్ దగ్గర ఆగి ఉన్న బండిని కూడా మరవకూడదు. ఆ సరుకు ఏ నెల లెక్కలోకి వస్తుందో ముందే తేలకపోతే అది రెండు నెలల్లోనూ కనిపిస్తుంది, లేదా ఎందులోనూ కనిపించదు.

రవాణా బిల్లులో పాత టోల్

కొన్న ఆర్డరు, అందిన రసీదు, వచ్చిన బిల్లు అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటం ఆడిట్‌లో తొలి పాఠం. సరుకు విషయంలో దీన్ని అందరూ పాటిస్తారు. రవాణా బిల్లుల దగ్గర వదిలేస్తారు.

ఏజాక్స్ పరిసరాల్లో దీనికి చక్కటి పరీక్ష ఉంది. పక్కనే ఉన్న 412 హైవే మీదా, 418 మీదా 2022 ఏప్రిల్ 5న టోల్ ఎత్తేశారు. పికరింగ్‌లోని బ్రాక్ రోడ్ నుంచి తూర్పుకు వెళ్లే 407 ప్రభుత్వ భాగంలో 2025 జూన్ 1న తీసేశారు. పడమటి 407లో మాత్రం టోల్ ఇంకా ఉంది. ఈ తేదీల తర్వాతి బిల్లుల్లో తూర్పు దారి ట్రిప్పులకు టోల్ అదనపు రుసుము పడుతోందా? ట్రిప్పుకు 30 డాలర్ల చొప్పున నెలకు 40 ట్రిప్పులు అనుకుంటే ఏడాదికి 14,400 డాలర్లు. ఇందులో ఎవరి మోసమూ ఉండనక్కర్లేదు. ఒప్పందం నాటి రేటు పట్టికను ఎవరూ మార్చకపోతే చాలు.

బండి ఆగినందుకు వేసే వెయిటింగ్ చార్జీ వెనుక మనిషి ఉన్నాడని కూడా గుర్తుంచుకోవాలి. కెనడా నిబంధనల ప్రకారం డ్రైవరు రోజుకు 13 గంటలకు మించి బండి నడపకూడదు, 14 గంటలకు మించి పనిలో ఉండి నడపకూడదు. ఎలక్ట్రానిక్ లాగ్ పరికరాల నియమం 2023 జనవరి 1 నుంచి పూర్తిగా అమలవుతోంది. మన డాక్ దగ్గర నాలుగు గంటలు నిలబెట్టేస్తే ఆ నాలుగూ అతని 14 గంటల్లోంచే పోవచ్చు. తర్వాతి డెలివరీ ఆలస్యమైతే నెపం అతనిమీద పడుతుంది. కాబట్టి బండి గేటు దాటిన సమయాన్నీ, సరుకు దించడం మొదలైన సమయాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆలస్యానికి కారణం గోదాములోనే ఉందేమో అప్పుడు తేలుతుంది.

133 దుకాణాలను మూయించిన తప్పులు

ఆడిట్ ఆలస్యమైతే ఎంత నష్టమో తెలియాలంటే టార్గెట్ కెనడా కథ చదవాలి. అమెరికా దిగ్గజం 2013 మార్చిలో ఆంటారియోలో తొలి దుకాణాలు తెరిచింది. రెండేళ్లు తిరగకుండానే 2015 జనవరి 15న దివాలా రక్షణ కోరింది. 133 దుకాణాలు మూతపడ్డాయి. దాదాపు 17,600 మంది ఉద్యోగాలు పోయాయి.

2016లో కెనడియన్ బిజినెస్ పత్రిక దీని లోతుపాతులు బయటపెట్టింది. సరుకుల వివరాలను కొత్త వ్యవస్థలోకి హడావిడిగా ఎక్కించారు. కొలతలు సెంటీమీటర్లలో ఉండాల్సిన చోట అంగుళాలు పడ్డాయి, పొడవు వెడల్పులు తారుమారయ్యాయి. అమెరికాలో వివరాల ఖచ్చితత్వం 98, 99 శాతం దాకా ఉంటే ఇక్కడ 30 శాతం దగ్గర ఉండేదని ఆ కథనం చెప్పింది. ఫలితంగా పంపిణీ కేంద్రాలు సరుకుతో పొంగిపొర్లుతుంటే దుకాణాల్లో అరలు ఖాళీగా ఉన్నాయి.

అదే కథనంలోని ఇంకో సంగతి ఆడిటర్లంతా గుర్తుపెట్టుకోదగ్గది. సరుకు అయిపోగానే దానంతటదే మళ్లీ తెప్పించే ఏర్పాటును కొందరు సిబ్బంది ఆపేసేవారు. అలా ఆపిన సరుకు "నిల్వ లేదు" జాబితాలోకి రాదు. అంకె అందంగా కనిపించేది, అర మాత్రం ఖాళీ. ఉద్యోగి మార్కులు ఏ అంకెమీద ఆధారపడతాయో, ఆ అంకెను మార్చే మీట కూడా అతని చేతిలోనే ఉందా అన్నది ఆడిటర్ తప్పక అడగాల్సిన ప్రశ్న.

చట్టం అడిగే అంకెలు

ఆహార దిగుమతిదారుకు మరికొన్ని గడువులు ఉన్నాయి. 2019 జనవరి 15న అమల్లోకి వచ్చిన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం, సరుకు ఎవరిచ్చారో, ఎవరికి పంపామో చూపే కాగితాలు 2 ఏళ్లు భద్రపరచాలి. తనిఖీ సంస్థ అడిగితే 24 గంటల్లో ఇవ్వాలి. దీన్ని పరీక్షించడం తేలిక. ఒక బస్తా లాట్ నంబరు తీసుకుని, ఆ లాట్ ఎన్ని దుకాణాలకు వెళ్లిందో చెప్పమని గడియారం చూసుకుంటూ కూర్చోండి.

కస్టమ్స్ ప్రకటనలో తప్పుందని తెలిసిన నాటినుంచి 90 రోజుల్లో దాన్ని సరిదిద్దాలి. దిగుమతి రికార్డులు 6 ఏళ్లు ఉంచాలి. బలవంతపు చాకిరీ, బాలకార్మికుల గురించిన చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 2 కోట్ల డాలర్ల ఆస్తులు, 4 కోట్ల ఆదాయం, 250 మంది ఉద్యోగులు అనే మూడింటిలో రెండున్న కంపెనీలు ఏటా మే 31లోగా తమ సరఫరా గొలుసుపై నివేదిక ఇవ్వాలి. ఉల్లంఘనకు జరిమానా 2,50,000 డాలర్ల దాకా ఉంటుంది.

ఒకే చోటినుంచి సరుకు తెచ్చుకుంటే ఏమవుతుందో చెప్పే చట్టమేదీ లేదు. అది అనుభవమే నేర్పింది. 2023 జులై 20న భారత్ బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతులు ఆపేయగానే ఉత్తర అమెరికాలోని దుకాణాల ముందు మనవాళ్లు వరసలు కట్టారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు 28 దాకా సాగింది. మొత్తం కొనుగోళ్లలో ఒకే దేశం, ఒకే రేవు, ఒకే మిల్లు వాటా ఎంతో తేల్చడం కూడా ఆడిట్‌లో భాగమే.

నివేదికలో ఏం ఉండాలి?

ఏం తేడా దొరికింది, దాని విలువ ఏడాదికి ఎన్ని డాలర్లు, ఎవరు సరిచేస్తారు, ఏ తేదీలోగా అన్న నాలుగు సంగతులు ప్రతి అంశానికీ ఉండాలి. డాలర్ల వరసలో పెద్దవి ముందుండాలి. మూడు నెలల తర్వాత అదే ఆడిటర్ తిరిగి వచ్చి అవే పరీక్షలు మళ్లీ చేయాలి. లేకపోతే నివేదిక అలమరలోనే ఉండిపోతుంది.

ఇలాంటి గోదాముల్లో రాత్రి షిఫ్టుల్లో బస్తాలు మోస్తూ, స్కానర్ పట్టుకుని తిరిగేవారిలో మన పిల్లలూ ఉన్నారు. లెక్క తప్పినప్పుడు మొదట వేలు చూపేది వారివైపే. నిజానికి తప్పు చాలాసార్లు వారి చేతికి రాకముందే, రేటు పట్టికలోనో సరుకు వివరాల్లోనో ఒప్పంద పత్రంలోనో జరిగిపోయి ఉంటుంది. అది ఎక్కడ జరిగిందో చూపించగలిగితేనే ఆడిట్ కంపెనీ డబ్బునూ, పనిచేసేవారి పరువునూ కాపాడుతుంది. అందుకే ఆడిటర్ మేనేజర్ గదికి వెళ్లకముందు డాక్ దగ్గర పనిచేసేవారిని అడగాలి. ఏ బండి ఎప్పుడూ తక్కువ తెస్తుందో, ఏ లేబుల్ స్కాన్ కాదో వారికి తెలుసు. వారు చెప్పింది రాసుకుని, లెక్కతో సరిచూసి, నివేదికలో పెట్టడం ఆడిటర్ బాధ్యత.